అత్త మణికట్టు, నా ఎలుకలు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏమీ లేదని నాకొక గట్టి నమ్మకం. (ఆ వయసులో అందరికీ ఉంటుందట, నాకు కాస్త ఎక్కువ డోసు పడింది.) పరిశోధనలో చేరి ఏడాది కూడా కాలేదు. కంతులు పెరగకుండా కాపలా కాసే జన్యువులు ఎముక కట్టే కణాల మీద ఏం పెత్తనం చేస్తాయో చూడటం నా పని. సెలవులకు ఎమ్మిగనూరు వెళ్లి, మగ్గం నేస్తున్న మామకు అదంతా విప్పి చెప్పాను: పి53 అనే జన్యువును, అదే జీనును, తీసేస్తే ఎలుకకు ఎముక దట్టంగా పెరుగుతుంది, కానీ కంతులొచ్చి తొందరగా చస్తుంది. మామ మొదటి సగమే విన్నాడు. సాయంత్రానికల్లా "మా అల్లుడు ఎముకలు పెంచుతాడు" అని వీధంతా చాటేశాడు.

మర్నాడు పొద్దున్నే అత్త స్నానాలగదిలో జారిపడింది. మణికట్టు వాచి వంకర తిరిగింది. ఆదోని ఆసుపత్రికి పోదామన్నాను. మామ కదలలేదు.

"ఇంట్లో నువ్వుండగా ఆదోని యాలప్పా? ఆ జీను తీసెయ్."

"తీస్తే కంతులొస్తాయి మామా!"

"అట్లయితే సగం తీయి."

మనిషి ఎముక నేనింతవరకు ముట్టుకోలేదనీ, నాకు తెలిసినవి ఎలుకలవేననీ ఒప్పుకునేసరికి ప్రాణం పోయినంత పనైంది. పళ్లు బిగబట్టి నొప్పి ఓర్చుకుంటున్న అత్తే తీర్పు చెప్పింది: "నేను ఎలుకను కాదు. ఆటో పిలువు."

ఆదోనిలో డాక్టరు ఎక్స్‌రే చూసి ఎముక విరిగిందన్నాడు. మామ ఊరుకుంటాడా? "సార్, కట్టు కట్టే ముందర ఆ కాపలా జీనును రవ్వంత పక్కకు జరపండి. మా అల్లుడు సెప్పినాడు." డాక్టరు నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు వైపు చూశాను. "అయితే రండి, మోచేయి పట్టుకోండి" అన్నాడాయన. పట్టుకున్నాను. మత్తు సూది వేసి, మణికట్టును లాగి సరిచేయగానే టక్కుమని చప్పుడైంది. (మా ఎలుకలెప్పుడూ అలాంటి చప్పుడు చేయలేదు.) కళ్లు తెరిచేసరికి నేను నేల మీదున్నాను. అత్త కట్టు చేతిని ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో కొంగు పట్టుకుని నాకు విసురుతోంది. "పాపం, శానా సదివినాడు కదా, నీరసం" అంటోంది మామతో.

నెలన్నరకు కట్టు విప్పారు. అత్త ఫోన్ చేసింది. "అతుక్కునిందప్పా! నీ జీనులు బాగా పనిచేసినాయి. నేను అడిగినానని సెప్పు వాటికి."

సరిచేసింది డాక్టరనీ, అతికించుకున్నది ఆమె ఒంట్లోని కణాలేననీ, ఇందులో నేను చేసిందల్లా కింద పడటమేననీ వివరించబోయి ఎందుకో ఆగిపోయాను.

"చెప్తానత్తా" అన్నాను. ఇన్నేళ్ల తర్వాత తలచుకుంటే, ఆ వయసులో నేనిచ్చిన తెలివైన జవాబు అదొక్కటే అనిపిస్తుంది.