పురుగు పట్టిన ఆకులు

"పువ్వు పూయదు, కాయ కాయదు. పైంగ పురుగు పట్టింది. పీకి పారెయ్యరాదక్కా," అన్నాడు జగిత్యాలలో మా పక్కింటాయన, ఈ చలి పొద్దున గోడ మీదుగా నా ఫెర్న్ మొక్కలను చూసి. ఆకు తిప్పాను. అడుగున వరుసగా గోధుమరంగు చుక్కలు.

చిన్నప్పుడు సిరిసిల్లలో బాపు కూడా ఇదే మాటన్నాడు. కరెంటుతో నేసే సాంచాలు వచ్చాక నాయినమ్మ మగ్గాన్ని విప్పేశారు. ఆమె కాళ్లు దింపుకుని నేసిన గుంట మాత్రం కిటికీ కింద మిగిలిపోయింది. దాని తడి గోడలకు ఈ మొక్కలు మొలిచాయి. చలికాలమంతా వాటి చాటున ఒక కప్ప ఉండేది.

"ఆకులకు పురుగు పట్టింది. రేపు మట్టి పోసి పూడుస్త," అన్నాడు బాపు.

నాకు ఆ చుక్కలు పేలనిపించాయి. నా తలకు చేసినట్టే చేస్తే సరి. ఈర్పెన పట్టుకుని గుంటలోకి దిగి, మధ్యాహ్నమంతా ఒక్కో ఆకునూ దువ్వాను.

బాపు రాగానే అడ్డం నిలబడ్డాను. "పురుగు లేదు. ఇగ పూడ్సుడు లేదు."

నాయినమ్మ వచ్చి గుంటలోకి కాళ్లు దింపి కూర్చుంది. "పిల్ల చెప్పింది కదరా," అంది. మట్టి రాలేదు.

మరుసటి చలికాలానికి గుంట నాలుగు గోడల నిండా పిల్ల మొక్కలే. నేను దులిపింది పేలు కాదు, విత్తనం లాంటి పొడి అని చాలా ఏళ్లకు తెలిసింది.

పక్కింటాయన ఇంకా అక్కడే ఉన్నాడు. లోపలికెళ్లి ఈర్పెన తెచ్చాను. ఆకును ఆయన వైపున్న తడి గోడ మీదికి వంచి, నెమ్మదిగా దువ్వాను.