మనిషి గోత్రం వెతుక్కుంటూ పెడన దాకా

ఈ ప్రయాణం సరదాకి చేసింది కాదు. విజయవాడ నుంచి బందరు మీదుగా పెడన వెళ్లి కలంకారీ అద్దకం చూడాలనుకునేవాళ్లు ఈమధ్య నన్ను దారి అడుగుతున్నారు. అందుకని దారీ చెబుతాను, నేనెందుకు వెళ్లానో కూడా చెబుతాను. మా అబ్బాయి చైతన్యకి పెళ్లి కుదిరింది. అమ్మాయి పేరు హారిక, వాడి ఆఫీసులోనే పరిచయం. కులం దగ్గర ఎవరూ పేచీ పెట్టలేదు, కట్నం మాటే రాలేదు. హమ్మయ్య అనుకుంటుండగా, లగ్నపత్రిక రాయడానికి వాళ్ల పంతులుగారు ఫోన్ చేసి, మీ గోత్రం చెప్పండి అన్నారు. తెలియదన్నాను. నేను వేళాకోళమాడుతున్నానని ఆయన కాసేపు అనుకున్నారు.

నిజంగానే తెలియదు. మా తాత మగ్గం నేసుకుంటూ రాత్రిబడిలో చదువు నేర్చుకున్న మనిషి. కులం, గోత్రం, ముహూర్తం అనే మాటలు ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు. మా నాన్నదీ అదే దారి. ఎవరైనా అడిగితే "మాది మనిషి గోత్రమండీ" అనేవాడు. ఆ రోజుల్లో జనం నవ్వేవారు, కొందరు భుజం తట్టేవారు కూడా. నా సంగతంటారా, నాది ఏ దారీ కాదు. పండక్కి పులిహోర తింటాను, గుడికి వెళ్తే బయట చెప్పుల దగ్గర కాపలా ఉంటాను. హారిక వాళ్ల నాన్నగారితో మాట్లాడుతూ ఆ మనిషి గోత్రం మాటే తేలిగ్గా అనేశాను.  ఆయన మెల్లగా, "అంటే మేం మనుషులం కాదనాండీ?" అన్నారు. ఆ మాటకి ఇలాంటి అర్థం కూడా ఉందని మా నాన్నకి ఎప్పుడైనా తోచిందో లేదో.

పంతులుగారు మంచాయన. గోత్రం తెలియనివాళ్లు కాశ్యప గోత్రం చెప్పుకోవచ్చు, దిగులుపడకండి అన్నారు. తీరా చూస్తే ఆడపెళ్లివారిదే కాశ్యప గోత్రం. సగోత్రమైతే పిల్లా పిల్లాడూ అన్నాచెల్లెళ్ల కింద లెక్క. పోనీ ఇంటిపేరు బట్టి పోల్చుకుందామంటే, మా ఇంటిపేరుతో రెండు మూడు గోత్రాలవాళ్లున్నారట. అసలుది తేలేదాకా పత్రిక రాయించనని హారిక వాళ్ల నాన్నగారు మర్యాదగానే, కానీ గట్టిగా చెప్పేశారు. పత్రిక శుక్రవారం రాయాలి. ఆ పేరు తెలిసే అవకాశమున్న మనిషి మావాళ్లలో ఒక్కరే మిగిలారు. మా నాన్న చెల్లెలు సుశీలత్త, ఎనభై దాటింది, పెడనలో కొడుకూ కోడలితో ఉంటోంది. ఫోన్లో అడిగితే "అదెందుకూ?" అని పెట్టేసింది. అందుకే వెళ్లాల్సి వచ్చింది.

బుధవారం పొద్దున్నే భవానీపురంలో సిటీ బస్సెక్కి బస్టాండుకి చేరాను. బందరు నాన్‌స్టాప్ బస్సులకి ఎక్కువసేపు కాచుకోనక్కర్లేదు. టికెట్ వంద పైచిలుకు, ప్రయాణం రెండు గంటలకి కాస్త అటూ ఇటూ. వైశాఖమాసపు ఎండ ఏడింటికే చుర్రుమంటుంది కాబట్టి వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి. బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు చాలాసేపు ఆగింది. మా అబ్బాయి ఆఫీసు అక్కడే. సరిగ్గా అప్పుడే వాడు ఫోన్ చేసి, సుశీల మామ్మని ఎలాగైనా ఒప్పించు నాన్నా అన్నాడు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టుకుని దండలు మార్చుకుంటే ఈ తలనొప్పి ఉండదు కదా అన్నాను, ఇది ఎన్నోసారో. హారిక కోసం కాదు నాన్నా, నాకే పద్ధతిగా చేసుకోవాలనుంది అన్నాడు. ముక్కుసూటిగా చెప్పేసరికి, సరే కనుక్కుంటానని ఫోన్ పెట్టేశాను.

కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు. కాలువలు కట్టేసిన రోజులు కాబట్టి బందరు కాలువలో నీళ్లు లేవు, అడుగున బురద ఎండి నెర్రెలిచ్చింది. నా చిన్నప్పుడు ఈ దారిలో ప్రతి పెద్ద ఊళ్లోనూ ఒక పఠనమందిరం ఉండేది. సాయంత్రం పేపరు ఒకాయన పైకి చదివితే పదిమంది వినేవారు, వాదించుకునేవారు, మళ్లీ కలిసి టీ తాగేవారు. పక్కసీటు పెద్దాయన ఫోన్లో ప్రవచనం పెట్టుకుని వింటున్నాడు. కాస్త సౌండు తగ్గించమని అడుగుదామనుకున్నాను. చుట్టూ చూస్తే ఇబ్బంది పడుతున్నది నేనొక్కణ్నే, అందుకని ఊరుకున్నాను. ఈమధ్య ఊరుకోవడం బాగా అలవాటైంది.

బందరులో దిగి బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిన్నాను. అల్లం పచ్చడి బాగుంటుంది, మొహమాటపడకుండా రెండోసారి వేయించుకోండి. అక్కణ్నుంచి పెడనకి బస్సులూ ఉన్నాయి గానీ షేర్ ఆటో తొందరగా దొరుకుతుంది. డ్రైవరుకి ముప్పై ఏళ్లుంటాయి. ఊరు దాటకుండానే అద్దంలో నన్ను చూస్తూ, "మీరేవిట్లండీ?" అన్నాడు. మా వైపు కులం అడగడానికి ఇదే మాట. ఈ ప్రశ్న వెనకటికీ ఉంది. అయితే ఏ ఊరు, ఏ వీధి, ఎవరి తాలూకా అంటూ చుట్టూ తిప్పి అడిగేవారు, అడిగినవాళ్లే కాస్త సిగ్గుపడేవారు. ఇప్పుడు టైమెంతయిందని అడిగినట్టు అడుగుతున్నారు. నేతపనివాళ్లమని చెప్పాను. "ఆఁ, అట్టా చెప్పండి మరి," అని ఊపిరి పీల్చుకుని, ఆ క్షణం నుంచి నన్ను సొంత మనిషిలా చూసుకున్నాడు. నీళ్లసీసా కొనుక్కోవడానికి ఆటో ఆపాడు, సుశీలత్త వాళ్ల సందు మొదట్లోనే దించాడు. మంచి కుర్రాడు. అతని మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

సందు మలుపులో పాత పఠనమందిరం ఉంది. మా అమ్మానాన్నల పెళ్లీ, సుశీలత్త పెళ్లీ జరిగింది అందులోనే. రెండూ దండల పెళ్లిళ్లు. మంత్రాలు లేవు, ముహూర్తం లేదు. ఒక అధ్యక్షుడు, నలుగురు వక్తలు, టీ, బిస్కెట్లు. దానికి తాళం పడి, గోడలు కూలి ఉంటుందనుకుంటూ వెళ్లాను. తీరా చూస్తే శుభ్రంగా రంగులేసి, కొత్త ఫ్యాన్లు పెట్టారు. లోపల ఆడవాళ్లు కూర్చుని పారాయణ చేస్తున్నారు. ఆ హాలు అంత కళగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఒప్పుకోవడానికి కష్టంగానే ఉంది.

అత్త కోడలు నాగమణి మజ్జిగ ఇచ్చి, హాలు సంగతి తనే చెప్పింది. మగ్గాలు ఆగిపోయిన ఏడాది వీధి మొత్తానికి బియ్యం పంచింది ఆ పారాయణవాళ్లేనట. ఇంట్లో జ్వరమొస్తే వచ్చి వండిపెట్టిందీ వాళ్లేనట. పఠనమందిరం నడిపిన పుస్తకాలవాళ్లు అప్పటికే రావడం మానేశారు. "వాళ్లు మంచివాళ్లే అన్నయ్యగారూ. కానీ వచ్చి మాట్లాడి వెళ్లిపోయేవాళ్లు. వీళ్లు వచ్చి కూర్చుంటారు," అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే.

సుశీలత్త నవారు మంచం మీద కూర్చుని అంతా వింటోంది. మనిషి చిక్కిపోయింది గానీ గొంతు తగ్గలేదు. వచ్చిన పని చెప్పాను. హాయిగా దండలు మార్చుకోక మీవాడికి ఇదంతా ఎందుకురా అంది. వాడే అడుగుతున్నాడు అత్తా అన్నాను. అమ్మాయి వాళ్ల బలవంతమేమో కనుక్కో అంది. కనుక్కున్నాను, కాదు అన్నాను. ఆవిడ చీరకొంగు సర్దుకుంది.

"మా నాయనమ్మ దణ్ణం పెట్టుకునేప్పుడు ఏదో అనేదిరా. ఆ పేరు రావట్లేదు," అంది చివరికి. "మర్చిపోవడానికి మీ నాన్నా నేనూ ఎంత కష్టపడ్డామో నీకు తెలీదు."

తర్వాత చెప్పిన సంగతి నాకు కొత్త. మావయ్యది వేరే కులం. అత్త కోడలిగా వెళ్లిన కొత్తలో మావయ్య వాళ్లమ్మ ఒక దారి చూపించిందట. ఏదో ఒక గోత్రం చెప్పి, పీటల మీద కూర్చుని ఒక్క పూజ చేసుకో, నిన్ను ఇంట్లో మనిషిగా ఒప్పుకుంటాను అందట. మావయ్య కూడా, పోనీ అనేసెయ్యవే అని బతిమాలాడట. సుశీలత్త అనలేదు. ఆ ఒక్క మాట అననందుకు వాళ్లత్తగారు ఏళ్ల తరబడి ఆవిడ చేతి మంచినీళ్లు తాగలేదు. చివరి రోజుల్లో మంచాన పడ్డాకే తాగింది. ఇదంతా గొప్పగా చెప్పలేదు అత్త. అలసటగా చెప్పింది. వినే నాకు ఇక అడగాలనిపించలేదు. లేని పేరు ఎక్కణ్నుంచి తెస్తుంది, కాబోయే వియ్యంకుడితో ఏదో విధంగా నేనే మాట్లాడుకోవాలనుకుని లేవబోయాను.

అంతలో చైతన్య ఫోన్ చేశాడు. మామ్మకి గుర్తు లేదట అని చెప్పాను. ఇంకొక్కసారి అడిగి చూడు నాన్నా అన్నాడు. నాగమణి కూడా వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. అత్త చెయ్యి చాపి, ఫోన్ ఇటివ్వమంది. ఇచ్చేముందు స్పీకరు పెట్టాను. ఆవిడ ఫోన్ మీద అరచెయ్యి మూసి, "అమ్మాయి వాళ్లదేదన్నావు?" అని నన్ను అడిగింది. కాశ్యప అన్నాను. తలూపి, చెయ్యి తీసింది.

"నాన్నా చైతూ, మనది భరద్వాజ గోత్రం. మా నాయనమ్మ రోజూ అనేది. నాకు బాగా గుర్తుంది."

అవతల వాడు ఏడుస్తున్నాడని నాకు అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. "చిన్నప్పుడు అమ్మతో గుడికి వెళ్తే పంతులుగారు గోత్రం అడిగేవారు మామ్మా. అందరూ చెప్పేవాళ్లు, నాకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. మనకేదీ లేదేమో అనుకున్నాను," అన్నాడు.

"ఎందుకుండదురా, ఉంది," అంది అత్త.

ఫోన్ నాకిచ్చేశాక ఆవిడ ముఖం చూడలేకపోయాను. ఆ పేరు ఎక్కడిదని అడిగితే, నాగమణి వైపు చూపించి, రోజూ దీపం దగ్గర ఈ ఇంటి గోత్రం చెప్పుకుంటుందిగా, వినపడుతూనే ఉంటుంది అంది. నాగమణి లోపలికి వెళ్లి విస్తరాకులు కడిగింది. మామిడికాయ పప్పు, వంకాయ కూర, గడ్డపెరుగు. భోజనం చాలా బాగుంది. అత్త మాత్రం రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది, ఎండలకి సయించట్లేదంది.

తిరుగుప్రయాణం మూడింటికి. బందరులో కాసేపు ఆగి లడ్డూలు కొన్నాను, ఇంటికి శుభవార్త తీసుకెళ్తున్నాను కదా. దారిపొడుగునా ఒకటే ఆలోచన. మా ప్రాంతాన్ని ఎవరో వచ్చి మార్చేశారని చాన్నాళ్లుగా విసుక్కుంటున్నాను. అలా అనుకోవడం తేలిక. ఎవరూ రాలేదు. ముందు తరం బరువని దించేసిన దాన్ని తర్వాతి తరం తన లోటని చూసుకుంది. మధ్యలో మా తరం దించనూ లేదు, ఎత్తుకోనూ లేదు, ఎవరితో గొడవెందుకని పక్కకి జరిగింది. మా అబ్బాయి చెడ్డవాడు కాదు, వాడి సంతోషం అబద్ధం కాదు. ఆ సంతోషం నాక్కూడా కావాలి. అయినా బాధగా ఉంది. శుక్రవారం పత్రిక రాశారు. భరద్వాజస గోత్రోద్భవుడైన చిరంజీవి చైతన్యకు అని పంతులుగారు రాగయుక్తంగా చదువుతుంటే అందరూ అక్షింతలు వేశారు, నేనూ వేశాను.

ఆ వైపు వెళ్లేవాళ్లకి ఒకే ఒక్క సలహా. పొద్దుటి బస్సుకే వెళ్లండి, అద్దకం పని ఎండెక్కకముందు చూసేయండి, మిగిలిన పూట అక్కడ మీకున్న పెద్దవాళ్ల దగ్గర ఊరికే కూర్చోండి. పనేదీ పెట్టుకోకుండా వెళ్లండి. నేను పని మీద వెళ్లాను. వాళ్లత్తగారు ఏళ్ల తరబడి సాధించినా సుశీలత్త ఇవ్వని ఆ ఒక్క మాటని ఒక్క పూటలో తీసుకుని వచ్చేశాను.