పాప పక్కన సున్న

మా ఇంట్లో పొద్దున్న ఐదింటికే కేకలు మొదలవుతాయి. మనవడికి ఇంటర్ కోచింగ్, మనవరాలికి కబడ్డీ. మా అబ్బాయి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డుకి పోవాలి, కోడలు బట్టల కొట్టుకి. గుణదలలో రెండు గదుల ఇల్లు, ఒకటే బాత్రూం. ఒకరు లోపల దూరితే మిగతావాళ్లు తలుపు గుద్దుతూ తిడతారు. మంచిగా మాట్లాడుకునే తీరిక ఎవరికీ లేదు.

అప్పట్లో రోజూ గొడవ నీళ్ల సీసాల దగ్గరే. రెండూ ఒకేలాంటి స్టీలు సీసాలు. వాడి ఎంగిలి నేను తాగనంటూ మనవరాలు ఒకనాడు సీసా విసిరింది. వాడి కనుబొమ్మ చిట్లింది. ఎవరిది వాళ్లకు రాసి పెడితే పీడ పోతుందని నేనే మార్కర్ పట్టుకున్నాను.

నాకు అక్షరాలు వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. చేపల బుట్ట మోసినంతకాలం వాటితో పని పడలేదు. నేర్పింది మనవరాలే. తప్పు రాస్తే స్కేలుతో వేళ్ల మీద కొట్టేది, నిజంగానే. రాయడం అయిపోయాక చుక్క పెట్టాలని చెప్పిందీ అదే. ఇంట్లో పిలిచినట్టే ఒకదాని మీద బాబు అనీ, రెండోదాని మీద పాప అనీ రాసి చుక్క పెట్టాను. నా చేతికి చుక్క చిన్నగా రాదు. కనపడాలి కదా అని గుండ్రంగా చుట్టాను. మనవడు తన సీసా చూసి నవ్వి ఊరుకున్నాడు.

గ్రౌండులో మనవరాలి సీసాని ముందు చూసింది జట్టులో కూతకెళ్లే పెద్దపిల్ల. "పాపం" అని పైకి చదివింది. ఆ రోజు నుంచి మనవరాలికి అదే పేరు. ప్రాక్టీసులో ఎప్పుడు దొరికిపోయినా అందరూ "పాపం, పాపం" అని పాట ఎత్తుకునేవాళ్లట. ఉయ్యూరులో పోటీలు దగ్గరపడ్డాయి. మనవరాలు ఇంకా బెంచీ మీదే ఉంది. దానికి కావలసింది ఒక్కటే, ఆ పెద్దపిల్ల చోటు.

ఇంటికొచ్చి సీసా నా కాళ్ల దగ్గర పడేసింది.

"సున్న ఎవరు పెట్టమన్నారు నాన్నమ్మా?"

"నువ్వేగా చుక్క పెట్టమంది."

"నీకు చదువు చెప్పడం నా బుద్ధి తక్కువ. ఇంక నా దగ్గరికి పలక తేకు."

పేరు బాగానే కుదిరిందని వాళ్ల నాన్న నవ్వాడు. సీసా మార్చేది లేదు, నువ్వే ఆ మూతి మార్చుకో అంది కోడలు. అది ఏడుస్తుంటే నాకు ఒళ్లు మండింది.

"నోరు మూయించడం నోటితో అవదే" అన్నాను.

మర్నాడు అది టిఫిన్ బాక్సు మర్చిపోయి వెళ్తే గ్రౌండుకి పట్టుకెళ్లాను. కంచె అవతల ఆట నడుస్తోంది. పెద్దపిల్ల కూతకొచ్చింది. మనవరాలు దాని చీలమండ పట్టి లాగింది. ఆ పిల్ల మోచెయ్యి కిందపెట్టి పడింది. దాని మీద మరో ఇద్దరు పడ్డారు. విరిగిన చప్పుడు కంచె దాకా వినపడింది. మనవరాలు లేచి, మోకాళ్లకంటిన మట్టి దులుపుకుని, ఆ పిల్ల మొహం మీదికి వంగి, మెల్లగా "పాపం" అంది.

ఎవరూ నవ్వలేదు. పట్టు రూలు ప్రకారమే ఉందని వాళ్ల సారు తేల్చేశాడు.

చోటు మనవరాలికొచ్చింది. మా అబ్బాయి దాని ఫొటో ఫోన్‌లో స్టేటస్ పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం కోడలు కొట్టు నుంచి వస్తూ కోడిమాంసం తెచ్చింది. ఆ పిల్ల చెయ్యి ఎలా ఉందని ఎవరూ అడగలేదు. నేనడిగాను.

"కట్టు కట్టారంట" అంది మనవరాలు. ఇంకో ముక్క వెయ్యమంది.

ఉయ్యూరు వెళ్లే పొద్దున, కిరసనాయిలు గుడ్డతో సీసా మీది సున్న చెరపబోయాను. సీసా లాక్కుంది.

"ఉండనీ నాన్నమ్మా. ఇప్పుడు అది చూస్తే భయపడుతున్నారు."

నీళ్లు నింపి, మూత బిగించి ఇచ్చాను.