కొండ లేని ఊళ్ళో కొండ సైకిలు

ముందే చెప్పేస్తున్నాను, సైకిళ్ళ గురించి నాకేమీ తెలియదు. తెలుసుకోవాలన్న కోరికా ఏనాడూ లేదు. అయినా ఈరోజు నన్నెవరైనా నిద్రలో లేపి అడిగితే డిస్క్ బ్రేకుకీ మామూలు బ్రేకుకీ తేడా ఏమిటో, కుదుపులు తగ్గించే ముందు చక్రం షాకులకి లాక్ ఎందుకు పెడతారో గడగడా అప్పజెప్పగలను. మా తోడికోడలు ఒక సైకిలు కొనుక్కుంటానన్న పాపానికి మా ఇంట్లో నెలన్నరపాటు వేరే మాట లేదు. నా తల ప్రాణం తోకకొచ్చింది.

తోడికోడలంటే మా బావగారి భార్య. నేను అక్కా అనే పిలుస్తాను. వాళ్ళు కింది వాటాలో ఉంటారు, మేము పైన. అక్కది పెద్దాసుపత్రి కుట్టుగదిలో ఉద్యోగం. చిరిగిన దుప్పట్లకి మాట్లు వేయడం, కొత్తగా వచ్చిన ఆపరేషన్ గౌన్లు పొడుగైతే కత్తిరించి అంచు మడిచి కుట్టడం ఆమె పని. మెడలో టేపు వేసుకునే ఇంటికొస్తుంది, తీయడం గుర్తుండదు. మనిషి పొట్టి, మాట తక్కువ, కానీ కళ్ళెదుట ఏదైనా కొలత తప్పితే మాత్రం ఊరుకోలేదు. ఒకసారి మా ఇంట్లో టీ తాగుతూ తాగుతూ, "నీ కర్టెను నేలమీద ఈడుస్తోందే" అని లేచి, కర్టెను ఊడదీసి పట్టుకుపోయింది. సాయంత్రానికి సరిచేసి తెచ్చింది. టీ చల్లారిపోయింది.

గొడవంతా బస్సుతో మొదలైంది. ఆసుపత్రి వైపు వెళ్ళే ఒక్క బస్సునూ ఎత్తేశారు. అక్క పొద్దున్న ఏడింటికల్లా కుట్టుగదిలో ఉండాలి. బావగారు ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేస్తారు, ఆయనకి తొమ్మిదికి. పాపం, రెండు గంటలు ముందు లేచి స్కూటరు మీద దింపేవారు. పాపం అని ఎందుకంటున్నానంటే, ఆ మాట ఆయనే రోజూ వీధంతా వినపడేలా అనుకునేవారు కాబట్టి. "నా నిద్ర, నా నడుము, నా పెట్రోలు" అంటూ మెట్ల దగ్గర మొదలుపెట్టి వీధి మలుపు దాకా సాగదీసేవారు. సాయంత్రం ఇంకా ఘోరం. కుట్టుగది కిటికీ కింద స్కూటరు ఆపి హారన్ కొట్టేవారు. చేతిలో పని సగంలో ఉన్నా అక్క లేచి పరుగెత్తాల్సిందే. అక్కడి ఆడవాళ్ళు, "నీ హారనొచ్చింది, వెళ్ళు వెళ్ళు" అని నవ్వేవారట. ఆ సంగతి నాకు చెప్పినప్పుడు అక్క నవ్వలేదు.

ఒకరోజు బావగారు తేల్చేశారు. "వీధి చివర టైలరుకి మనిషి కావాలట. హాయిగా నడిచెళ్ళి నడిచి రావచ్చు. ఆ ఆసుపత్రికి ఓ దణ్ణం పెట్టెయ్."

"నేను మానను. ఒక సైకిలు కొనుక్కుంటాను," అంది అక్క.

"ఈ వయసులో సైకిలా?"

"ఈ వయసులో స్కూటరు వెనక కూర్చోవడం కుదిరినప్పుడు, సైకిలు ముందు కూర్చోవడం కుదరదా?"

బావగారు ఒక షరతు పెట్టారు. సైకిలు కొనవచ్చు. కొన్నాక నెలరోజులు తనంతట తాను వేళకి వెళ్ళి చూపించాలి. చూపించలేకపోతే టైలరు దుకాణమే గతి. అక్క సరేనంది! ఆ మాటకి తలూపాల్సిన ఖర్మ ఏమిటని నాకు ఒళ్ళు మండిపోయింది. ఉద్యోగం ఆమెది, కాళ్ళు ఆమెవి, పరీక్ష పెట్టడానికి ఈయనెవరు?

సైకిలనగానే ఏదో ఒకటి కొనేస్తే సరిపోదు మరి. మెయిన్‌రోడ్డు మీద లారీలు ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతాయి, అటు వెళ్ళడమంటే కోరి ప్రాణాలమీదికి తెచ్చుకోవడమే. ఉన్న మరో దారి కాలువ గట్టు. దానిమీద సగం దూరం కంకర, సగం దూరం మట్టి, వానొస్తే బురద. సన్నటైర్ల సైకిలు అక్కడ పనికిరాదు. మరీ ఖరీదైనది కొంటే ఆసుపత్రి స్టాండులో రెండో రోజు కనపడదు. అందుకని మా ఆయన ఫోనులో రాత్రింబవళ్ళు వీడియోలు చూసి, మధ్యరకం ధరలో మౌంటెన్ బైక్ కొనాలని తీర్మానించారు. కనుచూపు మేరలో కొండ లేని ఊరు మాది. ఆరోజే దానికి నేను కొండ సైకిలని పేరు పెట్టాను.

కొనేముందు దారి చూడాలన్నారు బావగారు. ఒక ఆదివారం నలుగురం గట్టుమీద నడిచాం. ఆయన బురద చూశారు, మా ఆయన ఎత్తుపల్లాలు చూశారు, అక్క వీధిదీపాలు ఎక్కడ వెలగడం లేదో చూసింది. నేను కుక్కల్ని చూశాను. గట్టు మొదట్లో ఒక ఇనుప గేటు ఉంది, ఆసుపత్రి దగ్గర దిగేచోట అలాంటిదే ఇంకోటి. మోటారుసైకిళ్ళు రాకుండా పెట్టారు. రెండు ఇనుప స్తంభాలు, కింద ఎడంగా, పైకి పోయేకొద్దీ దగ్గరగా. బావగారి పొట్ట సరిగ్గా ఇరుకైన చోటుకి వచ్చి ఆగింది. ఊపిరి బిగబట్టి పక్కకి తిరిగి బయటపడ్డారు. "ఏ బుద్ధిమంతుడు పెట్టాడీ గేటు!" అని తిట్టారు. మేమందరం కడుపు పట్టుకుని నవ్వాం. నలుగురం ఒకరి తర్వాత ఒకరం అందులోంచే దూరి వెళ్ళాం, అందులోంచే వెనక్కొచ్చాం. ఒక్కరికైనా, ఒక్కరికంటే ఒక్కరికైనా సైకిలు గుర్తొస్తే ఒట్టు.

ఇక దుకాణాలు. మొదటి దుకాణంలో అద్దాల తలుపు, లోపల చల్లటి గాలి, ఉతికిన చొక్కా వేసుకున్న సేల్స్‌మన్. అక్క తనకి సైకిలు కావాలంది. అతను బావగారి వైపు తిరిగి, "సార్, మీ హైటెంత?" అన్నాడు. ఈయన కూడా ఛాతీ విరుచుకుని చెప్పారు! ఆ కొలతకి తగ్గ సైకిలు తెచ్చి నిలబెడితే దాని సీటు అక్క భుజాల దాకా వచ్చింది. "మేడం ఒకసారి ఎక్కి చూడండి," అన్నాడు. ఎక్కడానికి నిచ్చెన కూడా ఇమ్మన్నాను నేను. మా ఆయన నన్ను బయటికి తీసుకొచ్చేశారు.

రెండో చోట ధర తక్కువ. ముందూ షాకులే, వెనకా షాకులే. బావగారు సీటు మీద చెయ్యి పెట్టి ఒత్తుతారు, అది ఊగుతుంది, ఆయన మురిసిపోతారు. మళ్ళీ ఒత్తుతారు. అక్క దాన్ని రెండు చేతులతో పైకెత్తబోయింది, అంగుళం లేవలేదు. "ఇంత బరువు నేను తొక్కాలా, ఇది నన్ను తొక్కాలా?" అని అక్కడే వదిలేసింది. అప్పటికే బావగారు లావుపాటి గొలుసు తాళం ఒకటి కొని చేత్తో పట్టుకున్నారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది ఈయన వ్యవహారం అనుకున్నాను.

అలా వారం వారం తిరిగాం. ఒకచోట గేర్లు ఇరవై ఒకటి ఉంటేనే సైకిలన్నారు, ఇంకోచోట అన్ని గేర్లున్నది బొమ్మ సైకిలన్నారు. ఒకడు మొద్దుపళ్ళ టైరు లేకపోతే బురదలో జారతారన్నాడు, మరొకడు ఆ టైరుతో తారురోడ్డు మీద తొక్కితే కాళ్ళు పడిపోతాయన్నాడు. అక్క అడిగేవి మాత్రం మూడే. బురద చిందకుండా మడ్‌గార్డులు పడతాయా, వెనక సంచి పెట్టుకోవడానికి క్యారియర్ పడుతుందా, నేల మీద కాలు ఆనుతుందా. వాటికి ఎవడూ తిన్నగా జవాబు చెప్పడు. "కొండలెక్కే బండికి క్యారియరేంటి మేడం!" అని నవ్వుతారు. అక్క బయటికొచ్చేసేది. దారిలో నేను తిట్టేదాన్ని, ఆమె వినేది.

చివరికి నాలుగో దుకాణంలో చిన్న ఫ్రేముది బూడిదరంగు సైకిలొకటి కుదిరింది. ముందు మాత్రమే షాకులు, వాటికి లాక్. రెండు డిస్క్ బ్రేకులు, అవసరానికి మించని గేర్లు, క్యారియర్‌కి చోటు. ధర నడిమి రకం. అక్క ఎక్కి కూర్చుంది, కాలు నేలకి ఆనింది. దుకాణం ముందు ఒక చుట్టు తొక్కి వచ్చింది. ఆ నెలన్నరలో ఆమె ముఖంలో నవ్వు చూడడం అదే మొదలు. దిగాక హ్యాండిల్ రెండు కొసల మీదా చేతులు పెట్టి, "ఇది కాస్త వెడల్పెక్కువైనట్టు లేదూ?" అంది.

అంతే, ముగ్గురు మగాళ్ళూ ఒక్కసారిగా అందుకున్నారు. వెడల్పుంటేనే పట్టు ఉంటుందన్నాడు దుకాణదారు. ఈమధ్య అన్నీ ఇంతేనని మా ఆయన. "అదే దాని దర్జా!" అన్నారు బావగారు. కొలతల మనిషిని పట్టుకుని కొలత గురించి ముగ్గురూ పాఠం చెప్పారు. అక్క హ్యాండిల్ వదిలేసి డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది.

మొదటి రోజు చీకటితోనే బయల్దేరింది. హెల్మెట్టు, లైటు, వెనక సంచి. మేమందరం గుమ్మంలో నిలబడి సాగనంపాం. అయిదు నిమిషాల్లో గట్టు మొదలుకి చేరింది. గేటు దగ్గర హ్యాండిల్ రెండు స్తంభాలకీ తగిలి ఆగిపోయింది.

ఆ తర్వాత జరిగింది సాయంత్రం ఆమె నోటనే విన్నాను. హ్యాండిల్ పక్కకి తిప్పి, ముందు చక్రం ఎత్తి, ఒక కొస దూర్చి, రెండోది దూర్చేలోపు పెడలొచ్చి మోకాలి కింద గీరుకుపోయింది. ఎలాగో బయటపడి గబగబా తొక్కుకుంటూ వెళితే చివర్లో రెండో గేటు. మళ్ళీ అదే యుద్ధం. కుట్టుగదికి చేరేసరికి ఆలస్యమైపోయింది, ప్యాంటుకి రక్తం. "ఇవాళ హారన్ రాలేదా?" అని అడిగారట అక్కడివాళ్ళు.

రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. ఇంకా ముందు బయల్దేరితే సరిపోతుందనుకుంది, ఆ చీకట్లో ఒంటరిగా గేటులో ఇరుక్కుని ఉంటే కుక్కలు చుట్టుముట్టాయి. ఆ వారమంతా అక్క కాళ్ళనిండా గీతలే. నాకు ఏడుపొచ్చింది. ఆ గేటు మీద, ఆ దుకాణదారు మీద, మా నలుగురి తెలివితేటల మీద మండిపోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. దుకాణానికి ఫోను చేస్తే వాడిన బండి వెనక్కి తీసుకునేది లేదన్నారు. మా ఆయన గేటు పీకించమని అర్జీ పెడదామన్నారు. అర్జీ కదిలే నాటికి అక్క రిటైరవుతుందన్నాను.

శనివారం రాత్రి భోజనాల దగ్గర బావగారు మెల్లగా ఎత్తుకున్నారు. కోపంగా కూడా కాదు, అదే నాకు మరీ మంట. "పోనీలే, ప్రయత్నం చేశావు. సోమవారం నుంచి నేనే దింపుతాను. నెలాఖరుకి ఆ టైలరుతో మాట్లాడదాం. సైకిలు ఎవరికైనా అమ్మేద్దాం."

అక్క పళ్ళెం తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఎక్కడికో వెళ్ళొచ్చింది. వచ్చి సైకిలు వరండాలోకి తెచ్చి, మెడలో టేపు తీసి హ్యాండిల్ మీద పరిచింది. అప్పుడర్థమైంది నాకు, గేటు కొలిచి వచ్చిందని. గౌన్లమీద గీసే సుద్దముక్కతో రెండు కొసల దగ్గరా రెండు గీతలు గీసింది. గీత పక్కన వేళ్ళు ఆనించి చూసుకుని, ఇంకొంచెం లోపలికి ఇంకో గీత గీసింది.

"అదెందుకక్కా?"

"వేళ్ళు ఒరుసుకోకుండా. కుట్టుకి వదిలినట్టే."

పిడుల తొడుగులు లాగేసింది. బ్రేకుల మరలు వదులు చేసి మీటలన్నీ లోపలికి జరిపింది. బావగారి పనిముట్ల పెట్టెలోంచి ఇనుప రంపం తీసింది. నన్ను చక్రం కదలకుండా పట్టుకోమంది. రంపం చప్పుడుకి బావగారు లోపలినుంచి పరుగెత్తుకొచ్చారు.

"అయ్యయ్యో, కొత్త సైకిలు కోస్తావా! గ్యారంటీ పోతుంది! బుద్ధుందా నీకు?"

"గౌను పొడుగైతే డాక్టర్ని సాగదీస్తామా? గౌనే కోస్తాం," అంది అక్క తల ఎత్తకుండానే.

"అది బట్ట, ఇది ఇనుము!"

అప్పుడు ఆపింది రంపం. నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంది. "గేటు మారదు. మీరూ మారరు. నేను కోయగలిగింది ఇదొక్కటే. అడ్డు లేవండి, వెలుతురు రావట్లేదు."

ఇన్నేళ్ళలో ఆమె అంత పొడుగు మాట అనగా నేను వినలేదు. బావగారు పక్కకి జరిగారు. పళ్ళు జివ్వుమనే ఆ చప్పుడు చాలాసేపు సాగింది. ఒక ముక్క ఊడి నేలమీద పడింది, కాసేపటికి రెండోది. వాటిని పక్కపక్కన పెట్టి కొలిచి చూసుకుని, సమానంగా ఉన్నాయని తలూపి, కోసిన అంచుల్ని ఆకురాయితో అరగదీసింది.

సోమవారం పొద్దున్న నేను ఆగలేక అక్క కంటే ముందే గేటు దాకా నడిచి వెళ్ళాను. నాకంటే ముందే బావగారు అక్కడున్నారు, హెల్మెట్టు పెట్టుకుని, స్కూటరు ఇంజను ఆపకుండా. "ఎందుకైనా మంచిదనీ..." అని నసిగారు. ఇరుక్కుంటే ఎక్కించుకుపోవడానికి వచ్చారన్నమాట.

అక్క వచ్చింది. గేటు ముందు దిగి, హ్యాండిల్ తిన్నగా పెట్టి, మెల్లగా తోసింది. పిడులు స్తంభాల మధ్యనుంచి తగలకుండా జారిపోయాయి. అటుపక్క ఎక్కి కూర్చుని తొక్కడం మొదలుపెట్టింది. బావగారికేమనిపించిందో, ఒకసారి హారన్ కొట్టారు. అక్క వెనక్కి తిరగలేదు, బెల్లు మాత్రం కొట్టింది. వెనక ఎర్రలైటు గట్టు మలుపులో కనపడకుండా పోయేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం.

బావగారు ఇంజను ఆపారు. "మరి సాయంత్రమో?" అని అడిగారు.

"అటునుంచి వచ్చినా గేటు అంతే వెడల్పు బావగారూ," అన్నాను. "ఇంటికెళ్ళి పడుకోండి, ఆ రెండు గంటల నిద్రా ఇక మీదే."