బండల ఫ్యాక్టరీ మీటరు, సుంకమ్మ బియ్యం కార్డు

కోవిడ్ తర్వాతి రెండో వేసవి ముగిసి, జూన్ మొదటి వారంలో నన్ను పౌర సరఫరాల డిప్యూటీ తహసీల్దారుగా నాపరాయి గనులున్న ఒక మండలానికి వేశారు. కర్నూలు నుంచి కడపకు పోయే దారిలో, నంద్యాల దాటాక వచ్చే ప్రాంతమది. రిటైర్మెంటుకు ఇంకా మూడేళ్లుంది. చౌకదుకాణాల్లో నిల్వలు తనిఖీ చేయడం, డీలర్ల రిజిస్టర్లు చూడడం, బియ్యం కార్డుల మీద వచ్చే విచారణలు పూర్తి చేయడం ఈ హోదాలో పని. తహసీల్దారు కింద పనిచేస్తాం కానీ, ఒక కుటుంబం కార్డుకు అర్హమా కాదా అని ఊళ్లోకి వెళ్లి తేల్చి పెట్టే మొదటి సంతకం మాదే.

నేను చేరేసరికి మండల కేంద్రమైన ఊళ్లో పాలిష్ ఫ్యాక్టరీలు సగానికి పైగా మూతపడ్డాయి. గనిలో తీసిన రాయిని కోసి, నునుపు పెట్టి, బండలుగా అమ్మే చిన్న చిన్న షెడ్లవి. కారణం అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పేవారు. అన్నీ నిజమే. ఇళ్ల పనులు ఆగిపోయాయి. కట్టే కొద్దిమందీ మెరిసే టైల్సే కావాలంటున్నారు. లారీ బాడుగ, కరెంటు చార్జీ, రాయి మీద ప్రభుత్వానికి కట్టే సీనరేజీ పెరిగాయి, బండ రేటు మాత్రం పెరగలేదు. యజమానులు ముందు ఒక షిఫ్టు తీసేశారు, తర్వాత వారానికి మూడు రోజులే పనన్నారు, ఆ తర్వాత గేటుకు తాళం వేశారు.

కలెక్టరేటు సమీక్షల్లో దీన్ని మాంద్యం అనేవారు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరి ప్రమేయమూ లేకుండా ఆకాశం నుంచి ఊడిపడినట్టు ఉంటుంది. ఊళ్లో దాని రూపం వేరు. బండలు పేర్చే ఆడవాళ్ల కూలి మొదట పోయింది. వాళ్లు టీ తాగే కొట్టు తర్వాత పోయింది. వాళ్లను తెచ్చి దింపే ఆటోలు మూలబడ్డాయి. ఖాళీ గ్యాస్ సిలిండర్లు మూలన పెట్టి కంపచెట్ల పుల్లలతో వండుకున్నారు. పాలు పోయించుకోవడం మానేశారు. బడిలో మధ్యాహ్నం పెట్టే అన్నమే చాలామంది పిల్లలకు ఆ రోజు మొదటి తిండి. నెల మొదట్లో ఇంటికి కచ్చితంగా వస్తుందని చెప్పగలిగింది చౌకదుకాణం బియ్యం ఒక్కటే.

సరిగ్గా నేను చేరిన నెలలోనే అనర్హుల జాబితా వచ్చింది.

అది కంప్యూటర్ తయారుచేసిన జాబితా. కారున్నా, ఆదాయపు పన్ను కట్టినా, ఇంటి కరెంటు వాడకం ఆరు నెలల సగటున ఒక హద్దు దాటినా ఆ కుటుంబం అనర్హం. మూడు రోజుల్లో ఇంటింటికీ వెళ్లి నిర్ధారించి పంపాలి. కిందిస్థాయి సిబ్బంది నివేదికలు తెచ్చారు. అన్నింట్లోనూ ఒకే వాక్యం, ‘విచారించడమైనది, అనర్హులని తేలినది’. ఒకే చేతిరాత, ఒకే పెన్ను. ఎవరూ ఏ ఇంటికీ పోలేదని చూడగానే తెలిసిపోయింది. అయినా సంతకం పెట్టాను. మా మండలమే వెనకబడిందని పొద్దున్నుంచి మూడు ఫోన్లు వచ్చాయి. అంతకు మించి కారణం లేదు. జూలై నుంచి ఆ కార్డులన్నీ రద్దయ్యాయి.

ఆగస్టులో సుంకమ్మ అనే ఆమె ఆఫీసుకు వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

“మేము ఫ్యాక్టరీ ఓనర్లమంట గదా మేడమ్. నెలనెలా శానా కరెంటు కాలుస్తాండామని డీలరు చెప్తాండాడు. యాడుండాది నా ఫ్యాక్టరీ, సూపించు తల్లీ. పోయి గేటు తాళం తీసుకుంటా.”

ఆమె భర్త ఓబులేసు ఒక పాలిష్ ఫ్యాక్టరీలో మిషన్ మీద పనిచేసేవాడు. షెడ్డు మూసినప్పుడు యజమాని అతన్ని కాపలాకు ఉంచాడు. మర్నాడు వెళ్లి చూశాను. కోత మిషన్ల కింద రాతి బురద ఎండి తెల్లగా గడ్డకట్టి ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన రేకుల గదిలో ఓబులేసు, సుంకమ్మ, పదో తరగతి చదివే కూతురు, ఓబులేసు తల్లి నాగమ్మ. గదికి వేరే మీటరు లేదు. ఇంటింటి సర్వేకు వచ్చినవాళ్లు కరెంటు సర్వీసు నంబరు కావాలంటే, గోడ మీదున్న ఫ్యాక్టరీ మీటరు నంబరే వీళ్ల ఆధార్‌కు కలిపేశారు. మిషన్లు నడిచిన నెలల వాడకమంతా ఒక బల్బు, ఒక ఫ్యాను ఉన్న ఆ గది పేరున పడింది.

ఓబులేసు మెల్లగా అన్నాడు. “ఓనరు మూడు నెల్లాయ, జీతమే ఇయ్యలేదు మేడమ్. ఫోన్ చేస్తే ఎత్తడు. ఇడ్సిపెట్టి పోదామంటే ఈ గది గూడా పోతాది.”

నాగమ్మకు షుగరు. ప్రభుత్వాసుపత్రి మాత్రలు ఉన్నాయి, వేసుకోవడానికి ముందు తినడానికి లేదు. ఒక పూట సంగటి కోడలికి, మనవరాలికి వదిలేసి మాత్ర మింగి పడుకునేదట. “ఆకలి గాలేదంటాది, నమ్మల్లంటాది,” అని సుంకమ్మ అత్త ముందే కోపంగా చెప్పింది.

పద్ధతి ప్రకారం, ఆధార్ నుంచి ఆ మీటరును తొలగించినట్టు విద్యుత్ శాఖ ధ్రువీకరించాలి. అక్కడి ఇంజినీరు సర్వీసుదారుడి దరఖాస్తు కావాలన్నాడు. సర్వీసుదారుడు ఫోన్ ఎత్తని యజమాని. తహసీల్దారుకు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు, జాగ్రత్తపరుడు. “మేడమ్, ఆ ఒక్క కార్డుకు అప్పీలు పంపండి. జాబితా అంతా తప్పని రాస్తే మీ సంతకం కింద నాదీ ఉంది,” అన్నారు.

అప్పీలు పంపాను. అంతటితో ఆగలేకపోయాను. పదకొండు రోజుల పాటు, కార్డు రద్దయిన ప్రతి ఇంటికీ నేనే వెళ్లాను. ఒక వీధిలో ఐదు అద్దె కుటుంబాలకు ఒకటే మీటరు, ఐదు కార్డులూ రద్దు. ఇలాంటివి మూడో వంతుకు పైగా తేలాయి. నివేదికలో మొదటి పేరాలోనే, ‘జూన్ నెలలో విచారణ జరపకుండా నేను సంతకం చేసితిని’ అని రాశాను. నాకు మెమో వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆపారు. నాకు రావలసిందే. కానీ ఒకే పెన్నుతో నివేదికలు రాసినవాళ్లకు రాలేదు, మూడు రోజుల గడువు పెట్టినవాళ్లకు అసలే రాలేదు.

అప్పీలు జిల్లా ఆఫీసులో ఉండగానే, అక్టోబరులో నాగమ్మ ఒక తెల్లవారుజామున స్పృహ తప్పింది. నంద్యాల ఆసుపత్రికి చేర్చారు. షుగరు పడిపోయిందన్నారు. రెండో రోజు చనిపోయింది. ఆమె చావుకు బియ్యం కారణమని ఏ కాగితంలోనూ లేదు. రాయడానికి గడి కూడా లేదు.

డిసెంబరులో కార్డు తిరిగి వచ్చింది. జూన్‌లో నలుగురున్న కార్డులో ఇప్పుడు ముగ్గురే ఉన్నారు. మీటరు తప్పు సరిదిద్దడానికి నాలుగు నెలలు పట్టిన కంప్యూటర్‌కు, నాగమ్మ చావు వారంలో అందింది. మనిషికి ఐదు కిలోల చొప్పున లెక్క కట్టి బియ్యం తగ్గించేసింది.

ఆ రోజు దుకాణం దగ్గర సుంకమ్మ సంచి పట్టుకుని నన్ను నిలదీసింది.

“ఐదు నెల్ల బియ్యం యాడ పాయె మేడమ్?”

ఏ నెల కోటా ఆ నెలలో తీసుకోకపోతే రద్దవుతుందని నిబంధన. అదే చెప్పాను.

“మేము తీసుకోలేదా, మీరు ఇయ్యలేదా?” అంది. వరుసలో ఉన్నవాళ్లంతా నా వైపు చూశారు. ఆమె వేలిముద్ర వేసి, పదిహేను కిలోలు తూకం వేయించుకుని వెళ్లిపోయింది.

తర్వాత ఉద్యోగంలో ఉన్న రెండున్నరేళ్లూ గడప తొక్కకుండా ఏ విచారణ మీదా సంతకం పెట్టలేదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు చెప్పేది ఒకటే. బతుకు తలకిందులైన ఏడాది ప్రభుత్వం చేతిలో ఉండే వివరాలన్నీ అంతకు ముందు ఏడాదివి. మిషన్లు తిరిగినప్పటి కరెంటు, కూలి దొరికినప్పటి ఆదాయం చూసి, మిషన్లు ఆగినప్పుడు, కూలి పోయినప్పుడు తిండి ఆపుతాం. కంప్యూటర్‌కు ఆ తేడా తెలియదు. తెలుసుకోవడానికే మనకు జీతం ఇస్తున్నారు.