ఇస్త్రీ కాకా విన్న పుస్తకాలు

మా వీధి ఇస్త్రీ కాకా పోయిన ఆదివారం పొద్దున చనిపోయారు. టీ తాగి, ఛాతీలో మంటగా ఉందని మంచం మీద వాలారట. కోడలు ఆటో పిలుచుకొచ్చేసరికే అంతా అయిపోయింది. నాకు సోమవారం దాకా తెలియలేదు. ఉతికిన బట్టల మూట చంకన పెట్టుకుని వీధి మలుపు దాకా వెళితే, బండి దగ్గర కోడలు ఒక్కతే నిలబడి ఎవరి బట్టలు వారికి వేరు చేస్తోంది. నన్ను చూసి, "మామ లేడక్కా. నిన్న పొద్దుగాల పోయిండు" అంది. ఆమె పక్కన నిలబడి నేనూ ఆ బట్టలే సర్దాను. ఏ చొక్కా ఎవరిదో ఆయనకే తెలుసు. మా ఇద్దరికీ సగం తెలియలేదు.

మీలో ఎవరైనా నేను చదివిన పుస్తకాలు ఫోనులో విని ఉంటే, ఆ పెద్దాయన మీకు కొంత తెలిసినట్టే. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నెమ్మదించాలో నాకు నేర్పింది ఆయనే. ఆ మాట ఆయన ఉండగానే నలుగురికీ చెప్పి ఉండవలసింది. ఇప్పుడు చెబుతున్నాను.

మేము కోనసీమ నుంచి ఈ నగరంలోని రాంగోపాల్‌పేట్ వచ్చి తొమ్మిదేళ్లవుతోంది. వచ్చిన వారంలోనే మా ఆయన చొక్కాలు ఇస్త్రీకి తీసుకెళ్లాను. రేకు నీడన నాలుగు చక్రాల బండి, దాని మీద మందంగా పరిచిన దుప్పటి, బొగ్గుల ఇస్త్రీ పెట్టె. సన్నగా, పొడుగ్గా, అరవై దాటిన మనిషి. బొగ్గుల డబ్బా మీద ఫోను పెట్టి ఉంది. అందులో ఎవరో నవల చదువుతున్నారు. అది నేను కాలేజీ రోజుల్లో చదివిందే. "ఇది నేను చదివానండీ" అన్నాను, ఊరికే మాట కలపడానికి.

ఆయన చేతిలో పని ఆపి నావైపు తిరిగారు. "చదివినవా? ఎట్లనిపించింది?"

"బాగుందండి."

"బాగుంది అంటే ఏంది బిడ్డా? పప్పు సుత బాగుంటది. గా ముసలోడు కొడుక్కు ఉత్తరం రాసి చింపేసిండు గద, ఎందుకు చింపిండంటవ్?"

నాకు ఆ ఉత్తరమే గుర్తు లేదు. గుర్తున్నట్టు తలాడించాను. ఆయనకు తెలిసిపోయింది గానీ నన్ను చిన్నబుచ్చలేదు. "మల్లొకపారి చదివి చెప్పు, తొందరేం లేదు" అని కాలరు మీదికి వంగారు. నేను ఎమ్మే తెలుగు. ఒక బడిలో పంతులమ్మను. ఆ పుస్తకం మళ్లీ తెప్పించుకుని, పరీక్షకు చదివినట్టు చదివి, వారం తర్వాత నా జవాబు తీసుకెళ్లాను. ఆయన ఒప్పుకోలేదు. అలా మొదలైంది మా స్నేహం.

ఆయన చదువు మూడో తరగతితో ఆగింది. బస్సుల మీది పేర్లు, దుకాణాల బోర్డులు చదివేవారు. పుస్తకం మాత్రం సాగేది కాదు. "పేజీ కిందికి పోయేటాలకు మీదిది మర్శిపోత" అనేవారు. కోడలు ఫోనులో పుస్తకాలు వినే ఏర్పాటు చేసి ఇచ్చాక, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చేతులు ఇస్త్రీ చేసేవి, చెవులు కథ వినేవి. విన్నాక ఎవరితోనైనా మాట్లాడాలి. బట్టలు తెచ్చినవాళ్లెవరూ తప్పించుకోలేకపోయేవారు. ఆయనకు ఒక చెడ్డ అలవాటు కూడా ఉండేది. మనం ఇంకా సగంలో ఉన్నామని చెప్పినా ముగింపు చెప్పేసేవారు. "ఆఖరికి గాయన దొరుకుతడు, నువ్వు పరేషాన్ కాకు" అనేవారు, మనకేదో మేలు చేస్తున్నట్టు.

ఆయన అభిప్రాయాలు నేను ఏ సమీక్షలోనూ చదవనివి. పేరున్న ఒక రాజుల నవల విని, "మూడు నెల్లు యుద్ధం జేసిండ్రు, సరే. అంత దండు బట్టలెవరు ఉతికిండ్రు? రాసినాయన గా ముచ్చటే ఎత్తలే" అన్నారు. నేను కళ్లు తుడుచుకుంటూ చదివిన ఇంకో నవల ఆయనకు నచ్చలేదు. "ఏడుపు నాకు సుత జెర మిగలనియ్యాలె గద బిడ్డా. అంత గామెనే ఏడ్సింది" అన్నారు. నవ్వొచ్చింది కానీ, ఇంటికి వెళ్లి ఆ పుస్తకం తీసి చూస్తే నిజమే. పేజీ పేజీకీ కన్నీళ్లే.

ఒకసారి మాత్రం గట్టిగా పోట్లాడుకున్నాం. ఆ కథలో ఒకావిడ నలభై ఏళ్లు దాటాక, కొట్టని తిట్టని భర్తను వదిలి వేరే ఇంట్లో ఉంటుంది. కాకాకు కోపం వచ్చింది. "ఏం తక్లీఫ్ ఉండె గామెకు? మంచోడే గద!" అన్నారు. నేను చాలాసేపు వాదించి, మడతపెట్టిన చీరలు తీసుకుని విసురుగా వచ్చేశాను. నాలుగు రోజుల తర్వాత ఆయనే పిలిచారు. "మల్ల ఇన్న బిడ్డా. నువ్వన్నదే నిజం. ఇరవై ఏండ్లల గాయన ఒక్కపారి సుత నీకేం గావాలె అని అడగలే. మొదట నేను మొగోని లెక్క ఇన్న." ఆ మాట అన్నాక పక్కన చీరలు మడతపెడుతున్న కోడలి వైపు ఒకసారి చూశారు. అన్న మాట వెనక్కి తీసుకోవడానికి ఒక పుస్తకం మొత్తం రెండోసారి విన్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

కొన్నేళ్లకు మా బడి మూతపడింది. ఇంట్లో ఊరికే కూర్చోలేక, ఫోనులో కథలు వినిపించే ఒక కంపెనీలో పుస్తకాలు చదివి రికార్డు చేసి ఇచ్చే పనికి దరఖాస్తు పెట్టాను. ఒక నవల ఇచ్చారు. పడకగదిలో దుప్పట్లు వేలాడదీసి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ చదివాను. చుట్టాలందరూ మెచ్చుకున్నారు. కాకాకు మాత్రం చెప్పలేదు. ఆయనంతట ఆయనే విని ఆశ్చర్యపోవాలని నా ఆశ.

విన్నారు. ఒక మధ్యాహ్నం నేను వెళ్లగానే మొదలుపెట్టారు. "కొత్త నవల ఇన్న. కథ మస్తుంది. చదివినామెకే ఏందో తొందర. స్టేషన్ల బండి ఏ ప్లాట్‌ఫారానికి వస్తదో చెప్తరు సూడు, గట్ల చదివింది. పిల్ల సచ్చిపోయింది సుత గట్లనే చదివింది."

"ఎవరండీ ఆవిడ?" అన్నాను, గొంతు మామూలుగా ఉంచుకుని.

"పేరు చెప్తరు గని, యాది లేదు" అని ఆయన బొగ్గులు కదిపారు.

ఇంటికొచ్చి ఏడ్చాను. ఆ పని నాకు చేతకాదనుకున్నాను. రెండో పుస్తకం ఇస్తామంటే జవాబివ్వలేదు. బండి వైపు కూడా వెళ్లలేదు. పది రోజులు మా ఆయన నలిగిన చొక్కాలతో ఆఫీసుకు వెళ్లి, చివరికి, "కాకాతో గొడవైతే నా చొక్కాలకేంటే ఈ శిక్ష?" అన్నారు. పదకొండో రోజు మూట పట్టుకుని వెళ్లాను. బండి మీద పెడుతూనే అనేశాను.

"అది చదివింది నేనే కాకా."

"తెలుసు బిడ్డా. షురూ జెయ్యంగనే తెలిసింది. ఇన్నేండ్ల సంది ఇంటున్న గొంతు, నాకు తెల్వదా?"

"తెలిసి కూడా నా మొహం మీదే అలా అన్నారా?"

"ఇంకొకలైతే నాకేంది, ఊకుందును. నీకు చెప్పకపోతె ఎవలికి చెప్పాలె?"

కోపం ఎక్కడికో పోయింది. "ఎక్కడ తప్పిందో చెప్పండి" అన్నాను. ఆయన ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టారు. ఆ నవలలో ఒక తండ్రి, ఆసుపత్రిలో చనిపోయిన కూతురిని చేతుల మీద ఎత్తుకుని ఇంటికి నడిచి వస్తాడు. దాని గురించే చెప్పారు.

"నా పెద్దబిడ్డకు ఆరేండ్లప్పుడు జరమొచ్చింది. ఎత్తుకొని దవాఖానకు ఉరికిన. చెప్పు తెగితె ఇడిసిపెట్టి ఉరికిన. పొద్దుగూకేటాలకు పిల్లను మల్ల నా చేతిల పెట్టిండ్రు. వాపస్ వచ్చేటప్పుడు ఉరకలే బిడ్డా. ఇంటికి పోతె వాళ్లమ్మకు చెప్పాలె గద. నేనెంత మెల్లగ నడిస్తె, ఇంట్ల అంతసేపు అది బతికే ఉంటది. గా పుస్తకంల తండ్రి సుత గట్లనే నడిసిండు. రాసినాయనకు ఎట్ల తెలిసిందో తెలిసింది. నువ్వే గాయనను ఉరికించినవ్."

అన్నేళ్ల పరిచయంలో ఆయనకు అలాంటి కూతురు ఉండేదని నాకు తెలియదు. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఇద్దరం కథల్లో మనుషుల గురించి అంత మాట్లాడుకున్నాం గానీ, ఆయన గురించి నాకేమీ తెలియదని ఆ పూట తెలిసి సిగ్గుపడ్డాను. ఆయన చేయి పట్టుకుందామనిపించింది. పట్టుకోలేదు. పుస్తకం తెచ్చుకుని, కోడలు ఇచ్చిన స్టూలు మీద కూర్చుని, ఆ అధ్యాయం ఆయనకు వినిపించాను. ఆటోల హారన్లు, కూరగాయల బండి కేకలు. ఆయన మధ్యలో రెండుసార్లు చెయ్యెత్తి ఆపారు. "గీడ నువ్వు ఏడవకు. గాయన ఏడవలే" అన్నారొకసారి. ఇంకోసారి ఏమీ అనకుండా ఆపారు, కాసేపటికి చేయి దించారు.

ఆ అధ్యాయం తిరిగి రికార్డు చేస్తానంటే కంపెనీవాళ్లు సరేనన్నారు. కొత్తది ఫోనులోకి వచ్చిన రోజు బండి దగ్గరే ఉన్నాను. ఆయన ఫోను చెవికి ఆనించుకుని చివరిదాకా విన్నారు. ఆపి, జేబులో వేసుకుని, తర్వాతి చొక్కా పరిచి నీళ్లు చిలకరించారు. అప్పుడు అన్నారు, "గిప్పుడు నడిసిండు."

ఆ తర్వాత పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. ప్రతిదాంట్లోనూ నాకు కష్టమనిపించిన చోట్లు ముందు ఆయన దగ్గరే చదివేదాన్ని. నచ్చకపోతే నచ్చలేదనేవారు. నచ్చితే ఏమీ అనేవారు కాదు, పని చేసుకునేవారు. నాకు ఆ మౌనం చాలు. చదివించడానికి నాకు చాలామంది గురువులు దొరికారు. నేను చదివింది ఇంత శ్రద్ధగా విన్నవారు ఆయనొక్కరే.

ఆయనను చివరిసారి చూసింది పోవడానికి మూడు రోజుల ముందు. మోండా మార్కెట్‌లో కూరగాయలు కొనుక్కుని మలుపు దగ్గర ఆటో దిగాను. ఆయన వీపు నావైపు ఉంది. ఫోనులో నా గొంతే, పోయిన నెల చదివిన నవల. ఒకతను, తన కోసం ఒకావిడ బయల్దేరి వస్తోందని తెలియక, చెప్పాపెట్టకుండా ఊరు వదిలి వెళ్లిపోయే ఘట్టం. "సంచి భుజాన వేసుకుని గడప దాటాడు" అంటోంది నా గొంతు.

"పోకురా, ఆగు" అంటున్నారు కాకా. "గామె వస్తున్నది. జెర ఆగు."

నా గొంతు ఆగలేదు. అతను వీధి చివరికి చేరుకున్నాడు.

"అరె, చెప్తె ఇనవేంది!" అని ఆయన ఫోను మీదికి వంగారు, వేలు చూపిస్తూ, నిజంగానే ఆపగలిగినట్టు. నేను పలకరించలేదు. పలకరిస్తే ఆ మాట అక్కడ తెగిపోతుంది. సంచీలో కొత్తిమీర తడి చేతికి తగులుతుంటే కాసేపు అక్కడే నిలబడ్డాను. రేకు నీడన, సగం ఇస్త్రీ అయిన తెల్ల చొక్కా ముందు, ఆయన నా గొంతుతో వాదిస్తున్నారు.