బసవమ్మ రెండు గొంతులు

"ఇందులో ఆడమనిషి గొంతే లేదండీ," అన్నాడు సత్తెనపల్లిలో స్టూడియో నడిపే ఆసామి.

ఎలీషాకి ఒళ్ళు మండిపోయింది. పాతికేళ్ళు జిన్నింగు మిల్లులో పత్తి తూకాలు వేసినా ఎవరి మీదా గొంతు పెంచి ఎరగడు. ఇవాళ మాత్రం చేతిలో గొడుగు నేలకేసి కొట్టాడు.

లేకపోవడమేంటి? ఇరవయ్యేడేళ్ళ కిందట, పాతది కొనుక్కున్న నాలుగు ట్రాకుల రికార్డరు మీద, తన పెంకుటింట్లో కిటికీలకి బొంతలు కట్టి, కోళ్ళని బయటికి తోలి చేసిన పాట అది. ఒకే క్యాసెట్టులో నాలుగు వరసలు. ఒకదాంట్లో తన హార్మోనియం, ఒకదాంట్లో తన డప్పు, మిగిలిన రెండింటిలోనూ బసవమ్మ. మిరప కోతల కూలికి పోయే బసవమ్మకి అక్షరం రాదు గానీ, ఆ స్తోత్రం పాట కట్టింది ఆమే. తన గొంతు తనే వింటూ దానికి వంత పాడమంటే పకపకా నవ్వింది. "నాకు నేనే వంతేంట్రా ఎలీషా! ఎవరన్నా చూస్తే పిచ్చెక్కిందనుకుంటారు!"

రెండేళ్ళ కిందట ఆమె గొంతుకి ఆపరేషనయింది. ఇప్పుడు గుసగుసే మిగిలింది. వచ్చే ఆదివారం వాళ్ళ చర్చికి యాభయ్యేళ్ళ పండుగ. ఆ రోజు అందరికీ నీ పాట వినిపిస్తానని ఎలీషా మాటిచ్చాడు. రికార్డరు ఎప్పుడో పాడైపోయింది. అందుకే క్యాసెట్టుని కంప్యూటర్లోకి ఎక్కించమని ఇక్కడిచ్చాడు.

"మామూలు టేప్‌రికార్డర్లో రెండు వరసలే వస్తాయనీ, క్యాసెట్టు తిరగేస్తే మిగతా రెండూ చివర్నించి మొదటికి వినపడతాయనీ కాయితం రాసిచ్చానుగా బాబూ! చదివారా?"

"పాట కాయితం చదివానండీ. రెండోది చూళ్ళేదు. తిరగేస్తే ఏదో దెయ్యాల గోల. తీసిపారేశా. మీ హార్మోనియం, డప్పుల మీదే గుంటూరు అమ్మాయి చేత పాడించా. నీటుగా వచ్చింది, వినండి."

స్పీకర్లో ఎవరో పిల్ల తీయగా పాడుతోంది. బెంచీ మీద కూర్చున్న బసవమ్మ చెంగు సర్దుకుని, "పోనీలేరా. బాగానే పాడింది," అని గుసగుసలాడింది.

ఆ 'పోనీలే' ఎలీషాకి మింగుడు పడలేదు. ప్రభువా, నా నోరు జారనీయకు అని లోపల అనుకుంటూనే అన్నాడు. "ఎందుకు పోనివ్వాలక్కా? కల్లంలోనూ పోనీలే, కూలి దగ్గరా పోనీలే, ఇప్పుడు నీ గొంతు కూడా పోనీలేనా? బాబూ, మీరు తీసిపారేసిన దెయ్యం ఇదుగో, ఈవిడే!"

స్టూడియో ఆయన క్యాసెట్టు తీసి బల్ల మీద పెట్టాడు. ఎలీషా అది తీసుకుని బసవమ్మతో బయటికి నడిచాడు.

గొడవ విని, పక్కనే జిరాక్స్ కొట్టూ, పెళ్ళి వీడియోల పనీ చూసుకునే నజీరా వచ్చింది. ముందు బసవమ్మని తన కొట్లో ఫ్యాను కింద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. తరవాతే సంగతి అడిగింది.

"తిరగబడ్డదేగా అంకుల్? పెళ్ళి వీడియోల్లో రాలిన పూలు మళ్ళీ పైకి లేచేట్టు చేస్తాం. పాటనీ అట్టాగే తిప్పొచ్చు."

వాళ్ళ నాన్న టేప్‌రికార్డరు దులిపి తెచ్చి, వైరుతో కంప్యూటరుకి తగిలించింది. రెండు వైపులా ఎక్కించి, రెండోవైపుని తిప్పింది. ప్రతి వరస మొదట్లోనూ, కలపడానికి గుర్తుగా ఆనాడు ఎలీషా కొట్టించిన మూడు చప్పట్లు ఉన్నాయి. చప్పట్లకి చప్పట్లు జతచేసి ప్లే నొక్కింది.

బసవమ్మ పాడింది. ఆ వెనకే ఇంకో బసవమ్మ అందుకుంది.

కొట్లో జిరాక్సుకొచ్చినవాళ్ళు కూడా కదల్లేదు. పాట మధ్యలో చిన్న దగ్గు వినపడితే నజీరా అడిగింది. "ఇది తీసెయ్యమంటారా అంకుల్?"

"ఉంచమ్మా. పొద్దంతా మిరపకాయలు కోసొచ్చి పాడింది."

బసవమ్మ కళ్ళు తుడుచుకుని, "రెండో చరణంలో తొందరపడ్డానురా," అంది.

ఫైలుకి పేరేం పెట్టమంటారని అడిగింది నజీరా. ఎలీషా ఒక్కో మాటా ఒత్తి చెప్పాడు.

"పాడినవారు బసవమ్మ. వంత బసవమ్మ. పాట కట్టినవారు కూడా బసవమ్మే. మూడుసార్లూ రాయమ్మా."